ఊపిరి బిగబట్టే మాస్టారు

ఊళ్లోకి టచ్ ఫోన్లు కొత్తగా వస్తున్న రోజుల్లో, నరసన్నపేటలో నేను ఇంటర్ చదివాను. మా కెమిస్ట్రీ మాస్టారిది వింత అలవాటు. టైట్రేషన్ చేసేది మేము, ఊపిరి బిగబట్టేది ఆయన. బ్యూరెట్ అనే కుళాయి ఉన్న గాజుగొట్టంలోంచి పర్మాంగనేట్ ద్రావణం చుక్కచుక్కగా ఫ్లాస్కులో పడుతుంది. లేత గులాబీ రంగు చెరగకుండా నిలిస్తే అదే ఎండ్ పాయింట్. ఆపైన ఒక్క చుక్క పడినా లెక్క తప్పుతుంది. అందుకే రంగు నిలవగానే "ఆగెహే!" అని గావుకేక పెట్టేవారు.

ప్రాక్టికల్ పరీక్షనాడు, వేరే కాలేజీ నుంచి వచ్చిన ఎగ్జామినర్ ఆయన్ని నోరెత్తొద్దన్నారు. మాస్టారు రుమాలు నోటికి అడ్డం పెట్టుకుని నా వెనకే నిలబడ్డారు. నా ఫ్లాస్కులో రంగు మెరిసి మాయమైంది. మళ్లీ మెరిసి, నిలిచింది. భయంతో నా చెయ్యి కదల్లేదు. మరో చుక్క బ్యూరెట్ కొసన వేలాడుతోంది.

"ఆగెహే! సంపేత్తన్నావే పిల్లా!"

ఆ కేకకి నా చెయ్యి దానంతటదే కుళాయి కట్టేసింది. ల్యాబులో మిగతావాళ్లూ కట్టేశారు. టీ తాగుతున్న ఎగ్జామినర్ గుటక మింగడం మానేశారు. తేరుకుని వచ్చి, నా ఫ్లాస్కు ఎత్తి చూశారు. చక్కటి లేత గులాబీ.

"ఇంతకీ పరీక్ష రాస్తున్నది ఈ అమ్మాయా, మీరా?"

"సెయ్యి దాందే సార్," అన్నారు మాస్టారు చెమట తుడుచుకుంటూ. "గుండె నాది."

నాకు మార్కులన్నీ పడ్డాయి. ఆయన్ని మాత్రం వరండాలోకి పంపేశారు.