సౌండు తగ్గించి విన్న పాట

మా ఇంట్లో రోజులకు పేర్లు లేవు. సోమవారం, మంగళవారం అని మేము అనుకోం. ఫస్టు, సెకండు, నైటు, ఆఫ్. ఎవరింటి శుభలేఖ వచ్చినా ముహూర్తం కంటే ముందు చూసేది మా ఆయనకు స్టీలు ప్లాంటులో ఆ రోజు ఏ షిఫ్టు అని. అందుకే, ఈ హిందీ ఊళ్ళో మా ఖుర్సీపార్ తెలుగువాళ్ళు చందాలేసుకుని నా అభిమాన గాయకుణ్ణి విశాఖపట్నం నుంచి కచేరీకి పిలిపిస్తున్నారని తెలిసినప్పుడు నేను ముందు సంతోషపడలేదు. క్యాలెండర్ దగ్గరికి పరుగెత్తి వేళ్ళ మీద షిఫ్టులు లెక్కపెట్టాను. సరిగ్గా నైటులో పడింది. నా ఖర్మ.

ఆ గాయకుడి గొంతంటే నాకు పరికిణీలు కట్టిన రోజుల నుంచీ పిచ్చి. కానీ ఆ గొంతు నేను ఒక్కసారి కూడా పూర్తి సౌండులో వినలేదు. నవ్వకండి. మా క్వార్టర్లన్నీ ఒకే వరస, గోడకు గోడ ఆనుకుని ఉంటాయి. ఏ వేళ చూసినా ఆ వరసలో ఎవరో ఒకరు నైట్ డ్యూటీ చేసి వచ్చో, నైట్ డ్యూటీకి వెళ్ళాలనో పడుకుని ఉంటారు. మా పిల్లలు గుసగుసగా కొట్టుకోవడం నేర్చుకున్నాకే గట్టిగా మాట్లాడటం నేర్చుకుంటారు. మా నాన్నది షిఫ్టు డ్యూటీ. పెళ్ళి చేసుకుని వస్తే ఈయనదీ షిఫ్టు డ్యూటీయే. రేడియో పోయి టేపురికార్డరు వచ్చింది, అదీ పోయి ఫోను వచ్చింది, సౌండు మాత్రం అట్టడుగునే ఉండిపోయింది. చెవి ఆనించి వినీ వినీ నా కుడి చెవి కాస్త చదునుగా తయారైందని మా అమ్మాయి అంటుంది.

మా అమ్మాయే ఒకసారి ఇయర్‌ఫోన్లు కొనిచ్చింది. పెట్టుకుని ఒక పల్లవి విన్నాను. ఆయన అచ్చంగా నా చెవిలోనే కూర్చుని పాడుతున్నట్టుంది. పరాయి మగాడు, అంత దగ్గరగా! సిగ్గేసి తీసేశాను. ఇంకొక దారి ఉండేది. మా వెనక లైను మీద గూడ్సు బండి పోతున్నప్పుడు సౌండు ఎంత పెంచినా ఎవరికీ ఇబ్బంది లేదు. పెంచి చూశాను కూడా. నాకూ వినపడలేదు.

అందుకని ఈ కచేరీ మీదే ప్రాణం పెట్టుకున్నాను. ఒక్క పాట, నాకిష్టమైన ఆ ఒక్క పాట, పెద్ద స్పీకర్లలో నిండుగా వింటే చాలు. ఇంకా ఇన్ని ఫస్టులు, ఇన్ని సెకండ్లు అని లెక్కపెడుతూ చెవులను జాగ్రత్త చేసుకోవడం మొదలుపెట్టాను. పిండిమర చప్పుడుకు చెవులు మొద్దుబారతాయని అక్కడికి వెళ్ళడం మానేశాను. ఆఖరి వారం చెవుల్లో దూదే పెట్టుకున్నాను. గ్యాసు బండవాడు తలుపు కొట్టి కొట్టి వెళ్ళిపోయాడట. మూడు పూటలు పక్కింటి పొయ్యి మీద వండుకున్నాం. మమ్మీ, థోడా కామ్ డౌన్ కరో, కాస్త శాంతించు అని మా అమ్మాయి నెత్తి కొట్టుకుంది. దూది చూసి మా ఆయన చెవిపోటా అని అడిగి, జవాబు వినకుండానే భోజనానికి కూర్చున్నారు.

డ్యూటీ మార్చుకోమని బతిమాలాను. మార్చుకోవలసిన మనిషి పలాసలో గృహప్రవేశానికి వెళ్తున్నాడట. నువ్వెళ్ళు, డ్యూటీకి వెళ్ళేదాకా నేను ఇంట్లో పడుకుంటాను అన్నారు. కాస్త బాధపడ్డట్టైనా కనిపించలేదు. ఆ పూట చారులో ఉప్పు వెయ్యలేదు నేను.

కచేరీ మా క్వార్టర్ల వెనక మైదానంలోనే. చీకటి పడుతుండగా మొదలైంది. గాయకుడు గొంతెత్తి ఒక్క రాగం తీశారో లేదో స్పీకర్లు దద్దరిల్లాయి. నా ఒళ్ళు జలదరించింది. అదే క్షణంలో జనమంతా, ఎవరూ చెప్పకుండానే, తలలు తిప్పి క్వార్టర్ల వైపు చూశారు. సంఘం పెద్దాయన రిటైరైన ఫోర్‌మన్, మేమంతా బాబాయిగారంటాం. ఆయన పంచె ఎగ్గట్టి స్టేజీ ఎక్కి సౌండు కుర్రాడి చెవిలో ఏదో చెప్పారు. సౌండు సగమైంది. మళ్ళీ చెప్పారు. ఇంకా సగమైంది. గాయకుడు పాపం మైకు చెడిందనుకుని దాన్ని రెండుసార్లు తట్టారు. బాబాయిగారు ఆయన చెవిలోనూ చెప్పారు. పెద్దమనిషి, తల ఊపి, పసిపిల్లను జోకొడుతున్నట్టు పాడటం మొదలుపెట్టారు.

జనం ముందుకు వంగి వింటున్నారు. చప్పట్లు రెండు వేళ్ళతో కొడుతున్నారు. అచ్చం మనింట్లో విన్నట్టే ఉందని నా పక్కావిడ మురిసిపోయింది. నాకు తిక్క రేగింది. లేచి వెళ్ళి బాబాయిగారిని నిలదీశాను. ఆయన నన్ను జాలిగా చూశారు.

“ఈ వేళ మన వెనక వరసలో నైటు మీ ఆయనొక్కడికేనమ్మా. మీ ఆయన కోసవే తగ్గించాం.”

వచ్చి కూర్చున్నాను. ఏడుపొచ్చింది. సరిగ్గా అప్పుడే గాయకుడు నా పాట ఎత్తుకున్నారు, అంతే మెల్లగా.

పల్లవి అవుతుండగా జనం పక్కకు తప్పుకుంటున్నారు. చూస్తే మా ఆయన. లుంగీ, బనీను, రేగిన జుట్టు. నిద్ర చెడగొట్టామని బాబాయిగారు చేతులు పట్టుకోబోయారు. ఈయన స్టేజీ కింద నిలబడ్డారు.

“ఇనబడీ ఇనబడకుండా ఉంటే నిద్దరెలా పడతాదండీ? పెడితే పూర్తిగా పెట్టండి.”

పాట ఆగిపోయింది. నేను దగ్గరికి వెళ్ళి, ఇదేటండీ అన్నాను. ఆయన నా వైపు తిరిగారు.

“గోడవతల నుంచి ఇన్నేళ్ళూ సగం సగమే ఇంటన్నాను. ఎప్పుడు పెంచుతావో అని చూసి చూసి నిద్దరోయేవోణ్ణి.”

“మరి చెప్పరేటండీ?”

“నా నిద్దర కోసం తగ్గించుకుంటన్నావు. ఎలా చెప్పను?”

గాయకుడు ఇదంతా విన్నారు. సౌండు కుర్రాడికి పైకి అని చెయ్యి చూపించి, పాట మళ్ళీ మొదటి నుంచి ఎత్తుకున్నారు. క్వార్టర్ల కిటికీలు గలగలలాడాయి. సౌండు తగ్గిద్దామని నా చెయ్యి దానంతటదే గాల్లోకి లేచింది. మా ఆయన దాన్ని పట్టుకుని కిందికి దించి, వదల్లేదు.

రెండో చరణం వచ్చింది. ఈ పాట నాకు ఊపిరితో సహా కంఠతా వచ్చు. కానీ గాయకుడి గొంతు కింద, సన్నగా, చరణం పొడుగునా ఇంకేదో నడుస్తోంది. మా ఆయన నా వైపు వంగారు.

“ఇందులో ఏణువు ఉందేటే?”

వేణువుందని ఇన్నాళ్ళూ నాకూ తెలీదండీ అన్నాను.