గోడ మీద లేని నెమలి

నా చిన్నప్పుడు మేము లాల్‌దర్వాజాలో ఒక సన్నని గల్లీలో అద్దెకుండేవాళ్లం. ఇంటి యజమానిది ఎదురిల్లే. నాకు ఎనిమిదో తొమ్మిదో ఏళ్లున్నప్పుడు మా మేనత్త, మొగుడి దెబ్బలు పడలేక, కట్టుబట్టలతో మా ఇంటికి వచ్చేసింది. మళ్లీ వెళ్లనని చెప్పింది. మా నాన్న సరేనన్నాడు గానీ గల్లీ ఊరుకోలేదు. అత్త నీళ్లకు వెళ్తే నల్లా దగ్గర ఆడవాళ్ల మాటలు ఆగిపోయేవి.

ఒక పొద్దున అత్త జాజు అనే ఎర్రమన్ను నీళ్లలో కలిపి, వీధివైపు గోడ మీద నెమలిని వేసింది. నేను గిన్నె పట్టుకుని పక్కన నిలబడ్డాను. గోడకు నడుమ వేయకుండా ఒక మూలకు ఎందుకు వేశావని అడిగాను.

"నడుమ పెడితె అది యాడికి పోతది బిడ్డా? నడ్వనీకి జాగ ఉండాలె గద," అంది.

బరువంతా ఒకవైపే పడి గోడ ఒరిగినట్టనిపించింది. అప్పుడు అత్త దూరంగా, రెండో మూలన చిన్న ఎర్రచుక్క ఒకటి పెట్టింది. గోడ నిలబడింది. నేను ఆ చుక్కను అరచేత్తో మూసి చూశాను, తీసి చూశాను, మళ్లీ మూశాను. కళ్లతో కూడా తూకం వేయవచ్చని నాకు తెలిసింది అప్పుడే.

ఆ సాయంత్రమే యజమాని వచ్చాడు. మాట నెమలి గురించే, చూపు మాత్రం అత్త మీద.

"మొగుణ్ణి ఇడిసొచ్చినామె తల వంచుకొని ఉండాలె. గల్లీల అందరి కండ్లు ఈ గోడ మీదనే. రేపు సున్నం ఏపిస్త. మల్ల గోడ మీద గీత కనబడితె ఇల్లు ఖాళీ చెయ్యున్రి."

అత్త మాతో ఉండగా మరో చోట ఇల్లు అద్దెకు దొరకడం కష్టమని నాన్నకు తెలుసు. మర్నాడు గోడకు సున్నం వేస్తుంటే అత్త అరుగు మీద కూర్చుని చివరిదాకా చూసింది. నెమలి పోయిందని నేను ఏడ్చాను.

"ఏడ్వకు. మంచిగ తెల్లగ చేసిండు," అంది.

తర్వాతి పొద్దున వాకిట్లో నీళ్లు చల్లి, ముగ్గు గిన్నెతో గోడ మొదట్లో కూర్చుంది. నేల మీద నెమలి తోక ఒక్కటే వేసింది. బాట మీద విసనకర్రలా విచ్చుకున్న తోక. గీతలన్నీ అంచుల నుంచి దగ్గరవుతూ, గోడ వైపే పరుగెత్తి, గోడను తాకేచోట ఆగిపోయాయి. సున్నం మీద చిటికెడు ముగ్గు కూడా అంటనివ్వలేదు.

మేమంతా ఖాలా అని పిలిచే పక్కింటి ముస్లిం పెద్దామె గుమ్మం పరదా జరిపి చూసింది. "మెడ మస్తు పొడుగు పెట్టినవ్ బేటీ," అంది.

అక్కడ మెడ లేదు. నేనూ చూశాను. ఖాళీ గోడ మీద, ఎవరూ గీయని నెమలి తలెత్తి నిలబడి ఉంది.

యజమాని పరుగున వచ్చాడు. "గోడ మీద ఏం ఎయ్యద్దని చెప్పిన గద?"

"ఏమేసిన? చూపియ్యున్రి," అంటూ అత్త లేచి నిలబడింది. "గోడ మీది. బాట అందరిది."

ఆయన నేలను చూశాడు. చూపు ఆగలేదు, గీతల వెంట గోడ పైకి పోయింది. మళ్లీ దించుకున్నాడు. "తుడువు దాన్ని," అన్నాడు.

"పొద్దుగూకేదాక నడిసేటోళ్ల కాళ్లే తుడుస్తయి. రేపు మల్ల ఏస్త."

అప్పుడు మా నాన్న లోపలి నుంచి వచ్చి అత్త పక్కన నిలబడ్డాడు. "ఖాళీ చెయ్యమంటె చేస్తం. మా చెల్లె ముగ్గు మాత్రం ఆగది."

ఖాలా పరదా మూయలేదు. యజమాని తోకను తొక్కకుండా పక్కనుంచి వెళ్లిపోయాడు. ఆ తర్వాత ఖాళీ చేయమనలేదు. అత్త రోజూ వేసింది. ఒకరోజు తీగ వేళ్లు, ఒకరోజు కొంగ కాళ్లు. మిగతాది గోడ మీద చూసుకోవడం గల్లీ నేర్చుకుంది. అలా చూడడానికి ఆగిన ఆడవాళ్లే మెల్లగా అత్తతో మాట కలిపారు.

నాకిప్పుడు ఎనభై దాటాయి. జీవితమంతా పిల్లలకు బొమ్మలు నేర్పాను. కాగితమంతా నింపొద్దని, చూసేవాళ్ల కంటికి కొంత వదలమని చెబుతుంటాను. ఇక్కడ గీయొద్దని ఎవరైనా హద్దు చూపిస్తే మాత్రం, ఆ హద్దు పక్కనుంచే గీత మొదలుపెట్టమంటాను.