లేదన్న చప్పుడు

మా బావ కారు మెకానిక్కు. ఆయనకు పేరొచ్చింది బాగుచేసిన బళ్ళ వల్ల కాదు, ముట్టుకోకుండా తిప్పి పంపిన బళ్ళ వల్ల. పొడుగాటి స్క్రూడ్రైవరు మొనను ఇంజనుకు ఆనించి, పిడి చెవికి పెట్టుకుని, కళ్ళు మూసుకుని వినేవాడు. "ఏం లేదు, తీసుకెళ్ళండి" అన్నాడంటే జనం నిశ్చింతగా ఇంటికి పోయేవారు. లేని రోగం అంటగట్టి బండి విప్పే రకం కాదాయన. మా అక్క మాత్రం "ఇంజను చెప్పేది వింటారు, నేను చెప్పేదే వినరు" అని దెప్పేది.

ఆ షెడ్డులోనే ఒక పక్క నాది సొట్టలు తీసి రంగు కొట్టే పని. కిందటేడు వెనకనుంచి "బావా" అని పిలిస్తే పలకలేదు. రెండోసారీ అంతే. ఎదురుగా వెళ్ళి నిలబడితే నా పెదవుల వంక చూసి జవాబిచ్చాడు. ఇంట్లో అక్క దెప్పడం మానేసి, గొంతు పెంచి మాట్లాడడం మొదలుపెట్టింది. ముగ్గురికీ తెలుసు, ముగ్గురమూ నోరు మెదపలేదు. ఆయనకు పరువు, అక్కకు భయం, నాకు మొహమాటం. నా మొహమాటం మండిపోను!

లెక్కల టీచరుగా చేసి రిటైరైన పెద్దావిడ ఒకరు ఎప్పుడూ బావ దగ్గరికే వచ్చేది. ఓ రోజు "బండి వేగం అందుకుంటే ముందు చక్రం దగ్గర గూఁయ్‌మని మోత వస్తోందయ్యా" అంది. బావ ఆమెను పక్కన కూర్చోబెట్టుకుని రోడ్డు చివరిదాకా నడిపి తీసుకొచ్చాడు. "ఏం లేదు టీచరుగారూ, బండి బంగారం" అన్నాడు. నెల తిరక్కుండా మళ్ళీ వచ్చింది. మళ్ళీ అదే జవాబు. ఆ రోజు బండి రోడ్డు మీద వస్తుండగానే ఆ మోత నేను విన్నాను. విని, రంగు కలుపుకుంటూ కూర్చున్నాను.

మరో రెండు నెలలకు మూడోసారి నవ్వుతూ వచ్చింది.

"నీకు వినబడలేదంటే నా చెవులే పాడయ్యాయనుకున్నానయ్యా. డాక్టరుకు చూపించుకున్నాను. భేషుగ్గా ఉన్నాయన్నాడు." అంతలో ఆ నవ్వు ఆగిపోయింది. "మా అమ్మకి చివర్లో లేని చప్పుళ్ళు వినబడేవి. తర్వాత మమ్మల్నే మర్చిపోయింది. నాకూ మొదలైనట్టుంది. ఇంక నేను నడపను, ఈ బండి ఎవరికైనా అమ్మిపెట్టు."

బావ ఆమె పెదవులనే చూస్తున్నాడు. ఒక్క ముక్క కూడా తప్పిపోలేదని పాలిపోయిన ఆయన ముఖమే చెప్పింది. జాకీ వేసి చక్రం లేపాడు. ఒక చెయ్యి చక్రం వెనక స్ప్రింగు మీద ఆనించి, రెండో చేత్తో చక్రం తిప్పాడు. గరగర చేతికే తగిలింది. మొదటి రోజే చెయ్యాల్సిన పని అది. చెవి ఉండగా చేతితో పనేమిటని ఇన్నేళ్ళూ ఆయన ధీమా.

"బేరింగు పోయిందమ్మా" అన్నాడు. "మీకు ఏ జబ్బూ లేదు. మోత ఉంది. నాకే వినబడదు. ఏడాదైంది."

ఆమె వంగి ఆ చక్రాన్ని తనే ఒకసారి తిప్పి చూసింది. నాలుగు తిట్టినా బాగుండేది.

"వినబడలేదని చెబితే సరిపోయేది కదయ్యా. లేదని ఎందుకన్నావు?" అంది. "రెండు నెలలుగా రోజూ పొద్దున్నే లేచి, నా పిల్లల పేర్లు వరసగా చెప్పుకుంటున్నాను, మర్చిపోయానేమోనని."

బావ చక్రం విప్పడానికి కూర్చున్నాడు.

మధ్యాహ్నానికి కొత్త బేరింగు పడింది. ఆమె బండిని ఓ చుట్టు తిప్పి తెచ్చింది. బావ కిటికీ దగ్గరికి వెళ్ళి "మోత పోయిందా అమ్మా?" అని అడిగాడు. ఆమె ఆయన్ను దాటి నావైపు చూసింది.

"బాబూ, నువ్వొకసారి కూర్చుని విను. పోయిందనే అనిపిస్తోంది గానీ, నా చెవుల మీద నాకు నమ్మకం పోయింది. నువ్వు చెప్పు."

బావ పక్కకు తప్పుకుని నాకు దారిచ్చాడు. రోడ్డు చివరిదాకా వెళ్ళొచ్చాం. "లేదు టీచరుగారూ" అన్నాను. "అమ్మయ్య" అని గట్టిగా ఊపిరి వదిలింది.

మర్నాటి నుంచి బావ వచ్చినవాళ్ళందరికీ తన చెవుల సంగతి ముందే చెప్పేస్తున్నాడు. బళ్ళు సగానికి తగ్గాయి. టీచరుగారు మాత్రం ఇప్పటికీ వస్తుంది, నాచేత వినిపించుకుని పోతుంది. ఆ మోత నేను ముందే విన్నానని ఆమెకు ఇంతవరకూ చెప్పలేదు.