చప్పిడి మొక్కు

మా మామగారు పోయిన మరుసటి ఏడు, మా అత్తగారికి ఆయన పిలుపు వినపడటం మొదలైంది. రాష్ట్రం ఏర్పడ్డాక మావారి ఉద్యోగం వెంట గుంటూరు వైపు నుంచి వచ్చి, నాంపల్లిలో అద్దెకున్నాం అప్పుడు.

ఆవిడ పొద్దున్నే పీట మీద గంటసేపు జపం చేసుకునేది. లేచి రెండడుగులు వేసేసరికి గది గుమ్మం పట్టుకుని నిలబడిపోయేది. కళ్లు తెరిచే ఉండేవి, ఎదురుగా ఉన్న నేను మాత్రం ఆనేదాన్ని కాదు. పెదాలు పాలిపోయేవి. కాసేపటికి తేరుకుని, "దీపం ఎవరో ఆర్పినట్టయిందే అమ్మాయ్. ఆ చీకట్లోంచి మీ మామగారు పిలిచారు" అనేది. బయట ఫెళ్లున ఎండ. ఆ గొంతులో భయమన్నది లేదు, భయమంతా నాకే. ఆ గుమ్మం దాటలేక పెరటి వసారా చుట్టూ తిరిగి వెళ్లేదాన్ని.

నాకు తొందరెక్కువ. నలభై రోజులు ఆవిడ ఉప్పు ముట్టదని వెంకటేశ్వరస్వామికి మొక్కేశాను. మొక్కింది నేను, చప్పిడి తిన్నది ఆవిడ. పాపం, పల్లెత్తు మాట అనలేదు.

పిలుపులు తగ్గకపోగా పెరిగాయి. అన్నం తిని లేచినా పిలుపే, మంచం దిగినా పిలుపే. మామగారు మొండికేశారనుకుని, అప్పటిదాకా చూసీచూడనట్టు వదిలేసిన ఆవకాయ బద్ద కూడా ఆపేశాను. ఒక మధ్యాహ్నం "వస్తున్నానండీ" అన్న మాట, వెంటనే దభీమన్న చప్పుడు. వెళ్లి చూస్తే గడప మీద పడి ఉంది, నుదురు చిట్లింది.

రిక్షాలో ఆబిడ్స్ డాక్టరు దగ్గరికి తీసుకెళ్లాను. ఆ పెద్దాయన ఈ ఊరివాడే. పడుకోబెట్టి ఒకసారి, నిలబెట్టి ఒకసారి బీపీ చూశాడు.

"దిగ్గున లేస్తే నెత్తురు తలకాయకు అందుతలేదమ్మా. పెద్ద వయసుల గిట్లయితది. ఉప్పు తింటున్నరా?"

నేను తల వంచుకున్నాను.

"నాకే సయించదు నాయనా" అంది అత్తగారు. సిగ్గుతో చచ్చిపోయాను.

"ఉప్పేసిన మజ్జిగ తాగాలె. మంచం మీద జరసేపు కూసోని, గప్పుడు లెవ్వాలె. ఇంకోసారి పడితే తుంటి ఇరుగుతది, ఇగ లెవ్వరు."

మొక్కు అక్కడితో ఆపి, స్వామికి లెంపలేసుకున్నాను. పూటపూటా మజ్జిగ ఇచ్చాను, చెయ్యి పట్టుకుని మెల్లగా లేపాను. పెదాలకు రంగొచ్చింది. పిలుపులు ఆగిపోయాయి. నాలుగు వారాలకు నేను ఆ గుమ్మం ధైర్యంగా దాటుతున్నాను.

ఒక పొద్దున ఆవిడ గుమ్మం దగ్గర చాలాసేపు నిలబడింది. పట్టుకుందామని పరిగెత్తాను. కానీ ఈసారి కళ్లు నన్ను చూస్తూనే ఉన్నాయి.

"నువ్వు ఉప్పు వేసిన దగ్గర్నుంచీ ఆయన రావడం లేదే" అంది. "ఇవాళ ఒక్కరోజు వెయ్యకు."

నాకు ఏడుపొచ్చింది. అయినా ఆవిడ చూస్తుండగానే వేసి, కలిపి, గ్లాసు చేతికిచ్చాను. గటగటా తాగేసింది. ఖాళీ గ్లాసు నాకిచ్చి, గుమ్మం వైపు తిరిగి, పక్కింటివాళ్లకు చెప్పినట్టు నెమ్మదిగా చెప్పింది.

"అమ్మాయి వినదు. మీరే కాస్త ఆగండి."