ద్రవ స్ఫటికమూ, మా ఆవిడ తీరికా

మొన్న ఎండలో నిలబెట్టిన స్కూటరు మీటరు తెర నల్లబడిపోయింది. నేను దాన్ని నాలుగు మొత్తుతుంటే మా ఆవిడ వరండాలోంచి, "కొట్టకండి, వేడికి లోపల అణువులు వరస తప్పాయి. నీడలో పెడితే అవే సర్దుకుంటాయి" అంది. ఆ తెరలో ఉండేది ద్రవ స్ఫటికమట. నీళ్లలా పారుతుంది, అణువులు మాత్రం ఒక వరసలో నిలబడతాయి. ఈ సంగతి నాకు తెలియక కాదు. దాని పుణ్యమా అని నా నడివయసు సగం హరించుకుపోయింది.

అరకు కాలేజీలో కెమిస్ట్రీ చెప్పుకుంటూ హాయిగా ఉన్న మా ఆవిడకి నలభై దాటాక పీహెచ్‌డీ బుద్ధి పుట్టింది. ఒక ద్రవ స్ఫటికంలో అణువులు ఒకదాని పక్కన ఒకటి ఎలా సర్దుకుంటాయో తేల్చాలట. అందుకు దాన్ని పెద్ద అయస్కాంతంలో పెట్టి రేడియో తరంగాలతో పలకరించే ఘనస్థితి ఎన్.ఎం.ఆర్. యంత్రం కావాలి. అది బెంగళూరులో ఉంది. ఏళ్లతరబడి బతిమాలితే రెండు రోజులు ఇచ్చారు. గైడేమో ఆ నెలాఖరుకి రిటైరవుతున్నాడు. ఆ రెండు రోజులూ తప్పితే థీసిస్ గోవిందా.

విశాఖలో రైలెక్కాలని కారులో బయల్దేరితే, మా ఖర్మకొద్దీ ఆవేళ మన్యంలో గిరిజనుల చైత్రమాసపు ఇటుకల పండగ. మగవాళ్లు వేటకు పోతే ఆడవాళ్లు రోడ్డుకి అడ్డంగా గెడ కట్టి, వచ్చేపోయే బళ్లని ఆపేస్తారు. వాళ్లు అడక్కముందే నేను చందా ఇచ్చాను. తీసుకున్నారు గానీ గెడ ఎత్తలేదు. మా ఆవిడ దగ్గర చదువుకున్న అమ్మాయి ఒకతె కారు తలుపు తీసి, "ఏటి మేడమ్, పండగపూట అంత బేగేటి? ఒక సుట్టు మాతో ఆడి ఎల్లండి" అంది. "రైలెల్లిపోద్దమ్మా" అని నేను మొత్తుకుంటూనే ఉన్నాను. ఈవిడ దిగి, వాళ్ల నడుముల చుట్టూ చేతులు వేసి ధింసా ఆడింది. ఒక చుట్టు కాదు, డప్పులు ఆగేదాకా. రైలు వెళ్లిపోయింది.

మర్నాటి రైలు పట్టుకుని చేరేసరికి మొదటి రోజు కాస్తా పోయింది. మిగిలిన ఒక్క రోజైనా పరుగులు పెడుతుందనుకుంటే, ఆ పదార్థాన్ని అయస్కాంతంలో వేడిచేసి, తాపీగా చల్లార్చడం మొదలుపెట్టింది.

"కాస్త బేగి కానీవే" అన్నాను తలుపు దగ్గర నిలబడి.

"గబగబా చల్లారిస్తే వరసగా కుదురుకోవండీ. మీరెళ్లి టీ తాగి రండి."

నాకు ఒళ్లు మండిపోయింది. అరడజను గ్రాఫులు తీయాల్సిన చోట సాయంత్రానికి ఒక్కటే వచ్చింది. అయితే ఆ ఒక్కదానిలో గీతలు ఎంత తేటగా పడ్డాయో! గైడు చూసి, ఇది చాలు, రాసెయ్యమన్నాడు. ఆవిడ డాక్టరమ్మ అయిపోయింది.

నేను మాత్రం ఆ రోజంతా బయట బెంచీ మీద గడియారం చూస్తూ గడిపాను. ప్రతిచోటికీ ఆవిడకంటే ముందే చేరుకుని, విసుక్కుంటూ ఎదురుచూడటమే నా పనైపోయింది. అలా తొందరపడి ఇన్నేళ్లుగా మిగుల్చుకున్న కాలమంతా ఎక్కడ పెట్టానో, ఇప్పుడు ఎంత వెతికినా దొరకడం లేదు.