గుమ్మడి పిందెకు వేలు చూపినందుకు

గుమ్మడి పిందెకు వేలు చూపితే అది కుళ్లి రాలిపోతుందని మా వైపు ఇప్పటికీ అంటారు. అననీ. కానీ ఆ వేలు ఎవరిదని వెతికేటప్పుడు కోడలి చెయ్యి తప్ప ఇంకొకటి దొరకదెందుకు? నాకు ఒళ్లు మండేది అక్కడే.

పోయిన ధనుర్మాసంలో పక్కింట్లో అదే జరిగింది. ధర్మవరం మగ్గాల ఇంటి నుంచి వచ్చిన కొత్త కోడలు పెరట్లో తానే గింజలు నాటి, అంట్లు కడిగిన నీళ్లు మోసి తీగను బతికించుకుంది. తీరా పిందెలు నిమ్మకాయంత అయ్యాక పండుబారి రాలడం మొదలైంది. అత్త గొంతు మా గోడ దాటి వచ్చింది.

"పిందె పిందెకూ వేలు పెట్టి లెక్కపెడతాంటివి కదా! ఇంగ పెరట్లో అడుగు పెట్టు, చెప్తా!"

ఆనాటి నుంచి ఆ పిల్ల వెనక వాకిట్లోనే నిలబడి, తన తీగను తానే దూరం నుంచి చూసేది. నేను ఊరుకోలేకపోయాను. గోడ దగ్గరికి పోయి అత్తను అడిగాను.

"ఏమమ్మా, తెల్లారకముందే ఆ పూలన్నీ యాడికి పోతాండాయి?"

"యాడికి పోతాయి మామా, గొబ్బెమ్మలకు. పిందె ఉండే పువ్వు ముట్టుకోను. ఉత్త పూలే కోస్తాండా."

"ఆ ఉత్త పూలే మొగపూలు తల్లీ! వాటి పుప్పొడి ఆ పొద్దే ఆడపువ్వులో పడాల. నువ్వు అన్నీ కోసి పేడలో గుచ్చితే తేనెటీగ ఏం మోస్తాది, నీ తిట్లా?"

"ఏ బడిలో చెప్పినారప్పా ఇవన్నీ?"

"బడి యాడిది? బెల్లం పొట్లం కట్టిన కాగితంలో చదివినా."

ఆమె పడీ పడీ నవ్వింది. "సరే, రేపు రెండు పూలు వదుల్తా. పిందె నిలబడకపోతే నీ కాగితాలన్నీ పొయ్యిలోకే."

తేనెటీగను నమ్ముకునే కాలమా ఇది? చుట్టూ టమోటా తోటల్లో పూలు విచ్చే వేళకే మందు కొడుతున్నారు. సాయంత్రం కొడితే చేతులు పడిపోతాయా? ఇక పుప్పొడి చేత్తోనే అద్దాలి. అది కోడలి చేత్తోనే జరగాలని పట్టుబట్టి అత్తను ఒప్పించాను.

మరునాడు మొగపువ్వు రేకులు చించి ఎట్లా అద్దాలో నేను గోడ ఇవతల నుంచి కేకలేస్తుంటే నా భార్య వచ్చింది. "నువ్వు జరుగు" అని, ఆ పెరట్లోకి పోయి, కుచ్చిళ్లు ఎత్తిపట్టి తీగల మధ్య ఆ పిల్ల పక్కన కూర్చుంది. మా పెళ్లయిన ఏడాది మా అమ్మ నా భార్య మీద ఇదే నింద వేసింది. అప్పటి నుంచి ఆమె ఏ తీగలోనూ కాలు పెట్టలేదు. కాగితంలో చదివిన రోజు మొగపూల సంగతి ఆమెకు గొప్పగా చెప్పాను కూడా. "అట్లనా" అని ఊరుకుంది.

రెండు పిందెలు నిలబడ్డాయి. అత్త రోజూ కొన్ని పూలు వదలసాగింది. వీధిలో మాత్రం, "కట్టెకు పాత చెప్పు కడితిని, దిష్టి పోయింది" అని చెప్పుకుంది. అది విని, నిలదీద్దామని నేను కండువా దులుపుకుని లేచాను. నా భార్య బియ్యంలో రాళ్లు ఏరుతూ తలెత్తలేదు.

"కూర్చో. ఆమె అత్త, అట్లనే అంటాది. మీ అమ్మ నన్ను అన్న పొద్దు, పక్కన నిలబడి 'ఆడికి పోవద్దులే' అనింది ఎవరు?"

కూర్చున్నాను. గోడ అవతల ఆ పిల్ల ఒక్కొక్క పిందెకు వేలు పెట్టి, పైకే లెక్కపెడుతోంది.