పచ్చ రంగు కట్టె

మా ఇంట్లో దయ్యాల మాట ఎత్తితే మొదట నవ్వేది నేనే. తమిళనాట చూలై అనే పేటలో పుట్టి, ఆ పేటలోనే మెట్టినదాన్ని. మా వీధి పొడుగునా వర్క్‌షాపులే. పగలంతా రేకు మీద సుత్తి దెబ్బలు. ఆ మోతకు ఏ దయ్యమైనా మూటాముల్లే సర్దుకుని పోవాల్సిందేనని మా ఆయనతో వేళాకోళం ఆడేదాన్ని. ఇప్పటికీ దయ్యాలను నమ్మను. కానీ ఒక రోజు పొద్దున పది గంటలకు, మాడు పగిలే ఎండలో, కొత్తగా తెరిచిన ఫ్లైఓవర్ మీద జరిగినది మాత్రం ఇన్నేళ్లయినా నాకు అంతుపట్టలేదు.

ముందు మా మామ గురించి చెప్పాలి.

మామకు చూలైలో టింకరింగ్ షెడ్డు ఉండేది. గుద్దుకుని నొక్కుకుపోయిన కార్ల రేకును సరిచేసి రంగు వేయడం ఆయన పని. నాకు కారు నేర్పింది ఆయనే. తొంభైలలో మా వీధిలో కారు నడిపే కోడలిని నేనొక్కదాన్నే. అందుకు ఆయనకు నాకంటే ఎక్కువ గర్వం.

మా కారు పాతది. మామ చేతుల మీదే మూడుసార్లు రంగు మారింది. దాని హ్యాండ్‌బ్రేక్ ఒకరోజు పట్టేది, రెండు రోజులు అలిగేది. అందుకని మామ ఒక కట్టె చేసుకున్నారు. మూడు మూలలుగా చెక్కిన టేకు ముక్క అది. షెడ్డులో మిగిలిన పచ్చ రంగు దానికి పూసి, చివరన బెజ్జం వేసి తాడు కట్టారు. బండి ఎత్తు మీద ఆగితే దిగి వెనక చక్రానికి ఆ కట్టె అడ్డం పెట్టేవారు. బండి కదలగానే తీసి, తాడును మణికట్టుకు తగిలించుకుని, నింపాదిగా నడిచి వచ్చి ఎక్కేవారు.

చక్రానికి రాయి పెట్టి, బండి కదిలాక దాన్ని అక్కడే వదిలేసి పోయే డ్రైవర్లంటే ఆయనకు ఒళ్లు మంట. వెనక సైకిల్ మీద వచ్చేవాడు ఏమైపోవాలని తిట్టేవారు. "పెట్టినోడే ఎత్తాల" అన్నది షెడ్డులో పనివాళ్లందరికీ ఆయన చెప్పే మొదటి పాఠం.

నాకు బండి నడపడం అంతా వచ్చింది, ఒక్క ఎత్తు తప్ప. రైలు పట్టాల మీది పాత వంతెన ఎక్కేటప్పుడు ముందు బస్సు ఆగిందంటే అంతే సంగతులు. క్లచ్ సగం వదిలి, బ్రేకు మీది కాలు తీసి యాక్సిలరేటర్ మీద వేసే ఆ ఒక్క క్షణం నా చేత అయ్యేది కాదు. బండి వెనక్కి జారేది. లైసెన్స్ వచ్చాక కూడా మామ వెనక సీటులో ఎడమ పక్కన, తలుపుకు ఆనుకుని కూర్చునేవారు, గబుక్కున దిగడానికి. ఆ తలుపు ఒక దెబ్బకు పడదు. ఎక్కినా దిగినా రెండుసార్లు గట్టిగా వేయాల్సిందే.

ఒకసారి సిగ్గేసి అడిగాను, ఎన్నాళ్లని ఇలా దిగుతారని.

"నువ్వు చాలనేదాకా పెడతా ఉంటాను. నాకేమన్నా వేరే పని ఉండాదా?" అన్నారు.

ఆ మరుసటి ఏడు మామ పోయారు. రాత్రి అన్నం తిని పడుకున్నవారు తెల్లారి లేవలేదు. అంతకుముందు వారం దాకా షెడ్డుకు వెళ్లిన మనిషి. మంచి చావు అన్నారందరూ. అవును మరి, కానీ వీధి చివర హారన్ వినబడితే చాలు, నాకు కళ్లలో నీళ్లు తిరిగేవి.

ఇప్పుడు చెప్పబోయేది నా తప్పు. షెడ్డు ఖాళీ చేసినప్పుడు అక్కడి పాత చెక్కాముక్కా అంతా ఇంటికి తెచ్చి, వేన్నీళ్ల పొయ్యి పక్కన పోశారు. రోజూ పొద్దున్నే నాలుగు ముక్కలు పొయ్యిలోకి తోసేది నేనే. ఒకరోజు రంగు కాలిన వాసన ముక్కుకు కొట్టింది. వంగి చూస్తే మంటలో పచ్చ రంగు బుడగలు బుడగలుగా లేస్తోంది. కారు డిక్కీలో ఉందనుకున్న కట్టెను ఎవరో షెడ్డుకు చేర్చారు, అక్కడి నుంచి అది నా చేతికి వచ్చింది. పటకారుతో లాగబోతే బొగ్గై చేతికి రెండు ముక్కలుగా వచ్చింది. ఆ సంగతి ఎవరికీ చెప్పలేదు. చెప్పే ముఖం నాకు లేదు.

అందువల్లే ఆ కట్టె ఇక లేదని ఈ లోకంలో అందరికంటే బాగా తెలిసినదాన్ని నేనే.

మామ పోయిన అయిదో నెలలో అత్తకు కంటి ఆపరేషన్ అయింది. కట్టు విప్పించడానికి తీసుకెళ్లాలి. మా ఆయనకు అంబత్తూరు ఫ్యాక్టరీలో సెలవు దొరకలేదు. "ఆటోలో పోండి. నీకు ఎత్తు రాదు కదా" అన్నాడు. ఆ మాట నాకు ముల్లులా గుచ్చుకుంది. కారే తీశాను. ఎత్తు లేని దారిలో, ఊరంతా చుట్టి వెళ్దామని నా లెక్క.

మనం ఒకటి తలిస్తే పోలీసులు ఇంకొకటి తలిచారు. కింది రోడ్డుకు అడ్డంగా డ్రమ్ములు పెట్టి, బళ్లన్నిటినీ కొత్త ఫ్లైఓవర్ మీదికి తోలుతున్నారు. ఈ రోజుల్లో జనం టోలు కట్టి మరీ గాల్లో రోడ్ల మీద పోతున్నారు కానీ, అప్పట్లో అది మాకు పెద్ద వింత. సగం ఎత్తుకు వెళ్లేసరికి వరుస ఆగిపోయింది. పైన ఏదో ప్రమాదం అనుకున్నాను. తీరా చూస్తే, జనం స్కూటర్లు ఆపి, పిట్టగోడ పట్టుకుని పైనుంచి ఊరు చూస్తున్నారు!

బ్రేకు తొక్కాను. హ్యాండ్‌బ్రేక్ లాగాను. అది తెగిన తాడులా ఊరికే చేతికి వచ్చింది. కంగారులో క్లచ్ వదిలేశాను, ఇంజన్ ఆగిపోయింది.

అద్దంలో చూస్తే నా వెనక జానెడు దూరంలో ఒక ఆటో. లోపల ఒక బాలింత, ఆమె ఒడిలో తెల్ల గుడ్డలో చుట్టిన పసిబిడ్డ. ఇంజన్ మళ్లీ వేసి కాలు మార్చబోయాను. బండి వెనక్కి జారింది. గట్టిగా తొక్కి ఆపాను. ఆటో అతను హారన్ మీద చెయ్యి పెట్టి తీయలేదు. అతని వెనక బస్సు, కదలడానికి లేదు. ఇంకొకసారి జారితే ఆ బిడ్డ మీదికే. దేవుణ్ణి తలుచుకోలేదు, నిజం చెబుతున్నాను. "మామా, ఈ ఒక్కసారి" అనుకున్నాను.

వెనక సీటులో కుడి పక్కన కూర్చున్న అత్త అడిగింది. ఆమె ఒక కంటికి కట్టు, రెండో కంటి చూపు అంతంత మాత్రం.

"ఎవురే దిగింది? తలుపు రెండు తూర్లు కొట్టినారే."

నాకు హారన్ తప్ప ఏమీ వినబడలేదు. ఎవరూ లేరు, ఊరుకో అత్తా అని కసిరాను. అప్పుడు చూసుకున్నాను. నా కుడికాలు బ్రేకు మీద లేదు. ఎప్పుడు జారిందో తెలియదు. గేరు న్యూట్రల్‌లో ఉంది. అంత ఏటవాలులో బండి ఇంటి ముందు నిలిపినట్టు కదలకుండా ఉంది.

ఎందుకో భయం పోయింది. క్లచ్ తొక్కి గేరు వేసి, సగం వదిలాను. బండి ముందుకు పోయింది.

అవతల దిగి బండిని పక్కకు తీసి, ఊపిరి పీల్చుకుంటుంటే ఆ ఆటో వచ్చి నా పక్కన ఆగింది. తిడతాడనుకున్నాను. ఆ వయసు మనిషిని ఎండలో దించి కట్టె పెట్టించడం ఏమిటమ్మా, నాకు ఒక మాట చెబితే నేనే దిగి పెట్టేవాణ్ణి కదా అని తమిళంలో నొచ్చుకున్నాడు. పచ్చ రంగు కట్టె అన్నాడు. బండి కదిలాక తీసి చేతికి తగిలించుకున్నాడట పెద్దాయన. తర్వాత ముందు బళ్ల పక్కన ఎటు వెళ్లాడో తాను చూడలేదట, ఎక్కే ఉంటాడనుకున్నాడట. వంగి మా వెనక సీటు చూశాడు. అత్త ఒక్కతే ఉంది. గబుక్కున ఆటో ముందుకు తోలేశాడు.

ఆస్పత్రిలో కట్టు విప్పారు. అత్తకు చూపు బాగా వచ్చింది. నా ముఖం చూసి, చిక్కిపోయినావే అంది.

సాయంత్రం మా ఆయన కారు కింద దూరి చూశాడు. హ్యాండ్‌బ్రేక్ కేబుల్ పూర్తిగా తెగిపోయి ఉంది. ఎడమ వెనక టైరు మీద వేలెడు మేర పచ్చ రంగు గీత. కొత్త వంతెన కదా, ఏ కమ్మీకి వేసిన రంగో అంటుకుని ఉంటుందన్నాడు. కావచ్చు. నేనూ అదే అనుకోవాలని చూశాను. ఇద్దరం స్కూటర్ మీద వెళ్లి, ఆ ఎత్తు పొడుగునా వెతికాం. కమ్మీలకు నలుపు తెలుపు తప్ప వేరే రంగు లేదు. రోడ్డు మీద కట్టె కాదు కదా, గులకరాయి కూడా లేదు. ఉండదు మరి. పెట్టినవారే ఎత్తుకుని ఉంటారు.

ఆ రాత్రి అన్నాల దగ్గర ఏడుస్తూ అత్తకు కట్టె కాల్చిన సంగతి చెప్పేశాను.

"నీళ్లు బాగా కాగినాయా లేదా?" అని అత్త నవ్వింది.

మా ఆయన కూడా నవ్వాడు. అన్ని నెలల తర్వాత మా ఇంట్లో ముగ్గురం కలిసి నవ్వింది ఆ రోజే. మామ ఉన్న రోజుల్లోలాగా రెండోసారి అన్నం పెట్టించుకుని తిన్నాం.

అత్త విన్న చప్పుడు ఏమిటో, ఆటో అతను చూసింది ఎవరినో నాకు తెలియదు. ఎవరైనా వివరం చెబితే వింటాను, వాదించను. ఆ కారు ఎప్పుడో పోయింది. తర్వాత ఎన్ని కార్లు మారినా, ఎన్ని వంతెనలు ఎక్కినా నా బండి జానెడు కూడా వెనక్కి జారలేదు. ఎత్తు మీద ఆగిన ప్రతిసారీ మనసు హాయిగా ఉంటుంది, ఒకసారి అద్దంలో వెనక ఎడమ పక్కకు చూస్తాను. నాకు బండి బాగానే వచ్చిందిప్పుడు. అయినా "చాలు మామా" అని మాత్రం ఇంతవరకు అనలేదు.